సూపర్‌చార్జర్ ఎవరి ఆయిల్ తాగుతోంది?

హైదరాబాద్‌లో కాస్త పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఒకసారి సెల్లార్‌లోని ఎస్టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) గది తలుపు తీసి చూడండి. మూలన ఒక మిషన్ చెవులు హోరెత్తిస్తూ తిరుగుతుంటుంది. ఒక మోటారు, దాని నుంచి బెల్టు, బెల్టు చివర పుల్లీ, పుల్లీ వెనక బరువైన ఇనుప డబ్బా, డబ్బాకి ఒక పక్కన ఆయిల్ మట్టం చూసుకునే గుండ్రటి గాజు కన్ను. మురుగునీటి ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ అది. లోపల ఎనిమిది అంకె ఆకారంలో రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా, వెంట్రుకవాసి ఎడంతో తిరుగుతుంటాయి. ఇదే డబ్బాని మోటారు బదులు ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌తో తిప్పి, గాలిని ట్యాంకులోకి కాకుండా సిలిండర్లలోకి దట్టంగా పంపి ఇంజిన్ బలం పెంచితే దాన్ని సూపర్‌చార్జర్ అంటాం.

ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు, నిజంగానే ఆ రెండిటిదీ ఒకే వంశం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, కానర్స్‌విల్ అనే ఊళ్లో ఉన్న రూట్స్ సోదరులు 1860లో ఈ బ్లోయర్‌కి పేటెంట్ తీసుకున్నారు. అప్పట్లో అది ఇనుము కరిగించే కొలుముల్లోకి గాలి ఊదడానికి పనికొచ్చింది. అంటే మన కమ్మరి కొలిమి తిత్తి చేసే పనే, పెద్ద ఎత్తున. 1938లో జనరల్ మోటార్స్ తెచ్చిన టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజిన్లకు ఈ బ్లోయర్ లేకపోతే ఊపిరే ఆడదు. సిలిండర్ ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు, అలాంటివి ఆరు ఉన్న ఇంజిన్ మీది బ్లోయర్‌ని 6-71 అన్నారు. రేసుల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని లారీ ఇంజిన్ల మీంచి ఊడదీసి పెట్రోల్ ఇంజిన్ల మీద బిగించారు, అక్కణ్నుంచి అది రేసు పడవల మీదికీ చేరింది. ఈనాటికీ బ్లోయర్ సైజులు చెప్పేటప్పుడు 6-71, 8-71 అన్న ఆ పాత లెక్కే వాడతారు.

నేను ఈ పనిలోకి వచ్చింది బ్లోయర్ల రిపేరుతోనే, పడవ ఇంజిన్లు తర్వాత వచ్చాయి. పడవలున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: సూపర్‌చార్జర్‌కి ఎన్నాళ్లకోసారి సర్వీస్ చేయించాలి? వాళ్లు అప్పటికే ముగ్గుర్ని అడిగి ఉంటారు. ఒకరు 100 గంటలకి విప్పి తీరాలన్నారట. ఇంకొకరు అది జన్మకి ముట్టుకోవాల్సిన పనిలేదన్నారట. మూడోవారు ఆయిల్ మారుస్తూ ఉంటే చాలన్నారట. ముగ్గురు చెప్పినదాంట్లోనూ ఎంతో కొంత నిజముంది. కాకపోతే ముగ్గురూ మూడు రకాల సూపర్‌చార్జర్ల గురించి మాట్లాడుతున్నారు. అందుకే నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను: మీ సూపర్‌చార్జర్ ఎవరి ఆయిల్ తాగుతోంది? ఇంజిన్ ఆయిలా, సొంత ఆయిలా, లేక ఫ్యాక్టరీలో ఒకసారి పోసి మూసేసిన ఆయిలా? దీనికి జవాబు తెలిస్తే మిగతా చిక్కుముడి చాలావరకు వీడిపోతుంది.

దానికంటే ముందు, పడవలో దీనికి ఇంత సేవ ఎందుకు కావాలో చెప్పాలి.

కారులో కూడా సూపర్‌చార్జర్లు ఉంటాయి. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద 100లో పోయే కారుకి దాని ఇంజిన్ బలంలో చిన్న వాటా చాలు, కాలు కాస్త తీస్తే ఇంజిన్‌కి విశ్రాంతి దొరుకుతుంది. నీళ్లలో ఆ సుఖం లేదు. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. ఆక్సిలరేటర్ వదిలారంటే పడవ కాసేపట్లోనే చతికిలబడుతుంది. అంటే వేగంగా పోయినంతసేపూ పడవ ఇంజిన్ ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది, దిగుడు అన్నది రాదు. దీనికి తోడు అల మీదికి పడవ ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాల్లో తేలి ఇంజిన్ ఒక్కసారిగా గింగిరాలు తిరుగుతుంది, మళ్లీ నీళ్లలో పడగానే ఎవరో పట్టి ఆపినట్టు బిగుసుకుంటుంది. ఆ కుదుపంతా గేర్ల మీదుగా సూపర్‌చార్జర్‌కి చేరుతుంది. జెట్ స్కీల్లో (నీళ్ల మీద బైకులా నడిపే బండ్లు) వాడే సెంట్రిఫ్యూగల్ రకం, అంటే చక్రం తిప్పి గాలిని విసిరేది అయితే ఇంజిన్ నిమిషానికి 8 వేల చుట్లు తిరిగేటప్పుడు లోపలి చక్రం 40 వేల పైచిలుకు తిరుగుతుంటుంది. ఆ వేగంలో ఉన్నదాన్ని కుదిపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వేడి సంగతి కూడా ఉంది. సైకిల్ పంపు కొడితే కింద గొట్టం కాలినట్టే, గాలిని ఎక్కడ నొక్కినా వేడెక్కుతుంది. మన మే నెల 40 డిగ్రీల గాలిని మామూలు రూట్స్ బ్లోయర్‌తో ఒకటిన్నర రెట్లు నొక్కితే అది దాదాపు 100 డిగ్రీలకు చేరుతుంది. అంత వేడి గాలి సిలిండర్లోకి పోతే ప్లగ్గు వెలిగించిన మంట తనదాకా వచ్చేవరకు ఆగకుండా మూలనున్న పెట్రోల్ తనంతట తనే అంటుకుంటుంది. నాకింగ్ అనేది అదే, పిస్టన్‌కి చిల్లులు పడేది అక్కడే. అందుకని మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని చల్లబరుస్తారు.

ఇక ఆయిల్ దగ్గరికి వద్దాం.

మొదటి రకం ఇంజిన్ ఆయిల్‌నే పంచుకునేది. చాలా జెట్ స్కీల్లో సూపర్‌చార్జర్‌కి బెల్టు ఉండదు. ఇంజిన్‌లోని గేరుతో నేరుగా తిరుగుతుంది, ఇంజిన్ ఆయిలే దాని బేరింగులకీ అందుతుంది. ఇందాక చెప్పిన కుదుపులు తట్టుకోవడానికి దాని షాఫ్ట్ మీద ఒక స్లిప్ క్లచ్ ఉంటుంది. స్ప్రింగ్ వాషర్లతో బిగించిన గేరు, మామూలప్పుడు షాఫ్ట్‌ని పట్టుకుని తిరుగుతుంది, దెబ్బ తగిలినప్పుడు కాస్త జారి దెబ్బని మింగేస్తుంది. ఈ రకం తొలి మోడళ్లలో ఆ జారే చోట సిరామిక్ వాషర్లు వాడారు. అవి అరిగి పగిలితే ముక్కలు ఎక్కడికో పోవు, సరాసరి ఇంజిన్ ఆయిల్లో పడతాయి. తర్వాత తర్వాత స్టీలు వాషర్లు వచ్చాయి. పాతవాటిని 100 గంటలకో రెండేళ్లకో, ఏది ముందైతే అప్పుడు విప్పి బాగుచేయమన్నది ఇందుకే.

ఒకసారి విశాఖ నుంచి అలాంటి పాత జెట్ స్కీ ఒకటి ట్రైలర్ మీద మా బాలానగర్ షెడ్డుకి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాయన చెప్పింది ఒకటే: "పికప్ తగ్గింది సార్, ఇదివరకు 8 వేలు అందుకునేది ఇప్పుడు 7 వేల పైన ఎక్కడో ఆగిపోతోంది." గంటల మీటరు 140 చూపిస్తోంది. సూపర్‌చార్జర్‌ని ఎప్పుడైనా విప్పారా అంటే ఆయనకీ తెలియదు. ఆయిల్ దించాం. మా దగ్గర పనిచేసే కుర్రాడు నూనె గిన్నెలో అయస్కాంతం తిప్పి పైకెత్తాడు.

"ఏం అంటలేదన్నా. సాఫ్‌గున్నది."

అయస్కాంతం నిజంగానే శుభ్రంగా ఉంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. సిరామిక్ అయస్కాంతానికి అంటుకోదు. ఆ ఆయిల్‌ని పాత కాటన్ చీర ముక్కలో వడకట్టమన్నాను. గుడ్డ మీద మిగిలిన అడుగుని వేలితో రాస్తే గరుకుగా తగిలింది. బియ్యంలో రాయి పంటికి తగిలినట్టు. ఎండలో పెట్టి చూస్తే గోరు చివరంత తెల్లటి పెచ్చులు రెండు. సూపర్‌చార్జర్ ఊడదీసి క్లచ్ విప్పితే వాషర్ మూడు ముక్కలై ఉంది. మిగతా పెచ్చుల్ని వెతకడానికి ఇంజిన్ వెనక మూత తీయాల్సి వచ్చింది. ఆయిల్ పంపు జల్లెడ దాకా వెళ్లాం, అక్కడ ఇంకొన్ని దొరికాయి. అవి పంపులోకి పోయి ఉంటే క్రాంక్ బేరింగులు పట్టేసేవి, అప్పుడు సూపర్‌చార్జర్ ఖర్చుతో పోయేది కాదు, ఇంజిన్ మొత్తం మార్చుకోవాల్సి వచ్చేది. ఆయన సమయానికి తెచ్చారు కాబట్టి బతికింది.

ఈ రకం సూపర్‌చార్జర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది రెండు మాటలు. కంపెనీ చెప్పిన ఇంజిన్ ఆయిలే వాడండి. ఆ క్లచ్ ఎంత బలానికి జారాలన్నది ఆయిల్‌ని బట్టి కూడా ఉంటుంది, మరీ జారుడు ఆయిల్ పోస్తే అది అవసరం లేనప్పుడు కూడా జారుతుంది. రెండోది, విప్పిన ప్రతిసారీ టార్క్ రెంచ్ పెట్టి ఆ జారుడు బలాన్ని కొలిపించండి. మాన్యువల్‌లో ఇచ్చిన అంకె కంటే తక్కువకే జారితే బూస్ట్, అంటే సూపర్‌చార్జర్ అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి, పడిపోతుంది. ఎక్కువైతే కుదుపు మింగేవాడు లేక షాఫ్ట్ మీద పడుతుంది. చేత్తో తిప్పి "బానే ఉంది" అనే మెకానిక్ చేతికి దీన్ని ఇవ్వకండి.

రెండో రకం సొంత ఆయిల్ ఉన్నది. పెద్ద రేసు పడవల మీది 6-71 తరహా బ్లోయర్లు, బెల్టుతో తిరిగే కొన్ని సెంట్రిఫ్యూగల్ యూనిట్లు ఇందులోకి వస్తాయి. ఎస్టీపీ బ్లోయర్ కూడా ఈ జాతిదే. రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతున్నాయంటే ఆ పుణ్యం వాటి చివరనున్న టైమింగ్ గేర్లది. ఆ గేర్లు ఆయిల్లో మునిగి తిరుగుతాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఆయిల్ తక్కువ పోయడం ఒక్కటే కాదు, ఎక్కువ పోయడం కూడా. ఇంకో నాలుగు చుక్కలుంటే మంచిదేగా అని నింపితే గేర్లు దాన్ని మజ్జిగలా చిలికి నురుగు తీస్తాయి. నురుగులో బలం ఉండదు, పైగా ఒత్తిడికి సీళ్లు దాటి రోటర్ల మీదికి కారుతుంది. అది గాలితోపాటు సిలిండర్లోకి పోయి కాలితే సైలెన్సర్లో నీలం పొగ వస్తుంది. పిస్టన్ రింగులు పోయాయని ఇంజిన్ విప్పించినవాళ్లని చూశాను, తీరా చూస్తే నేరం బ్లోయర్ సీలుది. ఇంకో సంగతి, ట్రైలర్ మీద పడవ మూతి పైకెత్తి ఉన్నప్పుడు గాజు కన్ను చూపించే మట్టం నిజం కాదు. పడవని సమంగా నిలబెట్టి, ఇంజిన్ చల్లారాక చూడాలి.

మూడో రకం మూసేసిన ఆయిల్‌తో వచ్చేది. ఈటన్ తరహా చిన్న రూట్స్ సూపర్‌చార్జర్లు చాలా వరకు ఇంతే. కవాసాకీ అల్ట్రా 310 జెట్ స్కీల్లో బెల్టుతో తిరిగేది ఈటన్ వారిదే. ఇలాంటివాటికి మట్టం చూసే కన్ను ఉండదు, ముందు మూతలో చిన్న ప్లగ్గు ఒకటి ఉంటుంది, అంతే. ఇది జన్మకి మార్చక్కర్లేదన్న మాట పుట్టింది ఈ రకం నుంచే. నా అనుభవంలో ఆ మాటని పడవకి వర్తింపజేయకూడదు. అస్తమానం ఘాట్ ఎక్కే ఇంజిన్ మీద కూర్చున్న ఆయిల్ కార్లో ఉన్నన్నాళ్లు ఉండదు. ఒక్కసారి ప్లగ్గు తీసి వాసన చూస్తే నమ్ముతారు. మాడిన, కుళ్లిన కంపు చేతికి పట్టిందంటే రెండు రోజులు పోదు. సిరంజితో లాగి, దానికని చెప్పిన ఆయిల్‌నే కొలిచి పోయడం అరగంట పని. అదే సమయంలో ముక్కు భాగంలోని కప్లర్‌ని చూడండి. పుల్లీ షాఫ్ట్‌ని రోటర్‌కి కలిపే ఆ చిన్న ముక్క అరిగితే, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు గలగల వినిపిస్తుంది. థ్రాటిల్ ఇవ్వగానే ఆ చప్పుడు మాయమవుతుంది, అందుకే చాలామంది పట్టించుకోరు.

ఆయిల్ తర్వాత నన్ను ఎక్కువ భయపెట్టేది నీళ్లు. ఇంటర్‌కూలర్‌లో ఒక పక్క వేడి గాలి, ఇంకో పక్క చెరువు నీళ్లో సముద్రపు నీళ్లో. మధ్యనున్న పల్చటి గొట్టం గోడకి చిల్లు పడితే నీళ్లు నేరుగా సిలిండర్ల దారి పడతాయి. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, పైకొచ్చే పిస్టన్‌కి అడ్డం నిలిస్తే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అందుకే సముద్రంలో నడిపిన పడవని ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి, ఇంటర్‌కూలర్ అడుగున డ్రెయిన్ ఉంటే తెరిచి చూడాలి. అందులోంచి నీళ్లొస్తే స్టార్ట్ బటన్ దగ్గరికి పోవద్దు, ముందు ప్లగ్గులు విప్పండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో ఉన్నా అంతే, నీళ్లు కలిసినట్టే.

జెట్ స్కీని కడిగేటప్పుడు వరస తప్పకూడదు. ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, తర్వాత పైపు నీళ్లు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు ఆపి, కాస్త రేజ్ చేసి, తర్వాత ఇంజిన్ ఆపాలి. తిరగేస్తే నీళ్లని బయటికి తోసే పొగ ఒత్తిడి ఉండదు, అవి ఎగ్జాస్ట్ దారిన వెనక్కి ఎక్కుతాయి.

మన చెరువుల్లో ఉప్పు లేదు కదా అని ధీమా పడటానికి లేదు. హుస్సేన్ సాగర్‌లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు ఏడాది పొడుగునా ఉంటాయి. నిమజ్జనం అయ్యాక కొన్నాళ్లు దారాలు, గుడ్డ పేలికలు తేలుతుంటాయి. జెట్ పంపు జాలీకి అవి చుట్టుకుంటే తోపుడు తగ్గడం కళ్లకి కనిపిస్తుంది, కానీ అదే పంపు నుంచి ఇంటర్‌కూలర్‌కి పోవాల్సిన నీళ్లు తగ్గడం ఎవరికీ కనిపించదు. అసలు వేసవిలో మన చెరువు నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి, ఇంటర్‌కూలర్ గాలిని ఆ నీళ్ల కంటే చల్లబరచలేదు. తుప్పు తను తిని మిగతా లోహాన్ని కాపాడే యానోడ్‌ల సంగతి కూడా నీళ్లని బట్టే. సముద్రంలో జింకు బాగా పనిచేస్తుంది. మంచినీళ్లలో దాని మీద పొర కట్టి నిద్రపోతుంది, అక్కడ మెగ్నీషియం కావాలి. విశాఖలో వాడిన పడవని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాద్‌కే సొంతమైన ఇంకో తికమక ఉంది. మనం దక్కన్ పీఠభూమి మీద, హుస్సేన్ సాగర్ దగ్గర సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం. అక్కడ విశాఖలో 14.7 పీఎస్ఐ ఉండే గాలి ఒత్తిడి ఇక్కడ 13.8 దగ్గర ఉంటుంది. సూపర్‌చార్జర్ తనకి దొరికిన గాలినే ఇన్ని రెట్లు అని నొక్కుతుంది. కాబట్టి అక్కడ 8 పీఎస్ఐ బూస్ట్ చూపించిన గేజే ఇక్కడ ఏడున్నర చూపిస్తుంది. ఏదీ పాడవలేదు. కానీ ఆ అర పాయింట్ కోసం బెల్టు మరీ బిగించి ముక్కు బేరింగ్ పాడుచేసుకున్నవాళ్లున్నారు, చిన్న పుల్లీ వేయించి ఇంకా వేడి కొనితెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. బెల్టు నిజంగా జారుతుంటే వేరే గుర్తులుంటాయి: పుల్లీ చుట్టూ నల్లటి పొడి, బెల్టు గాడులు అద్దంలా మెరవడం, మాడిన రబ్బరు వాసన. అవేవీ లేకపోతే గేజ్‌ని అలా వదిలేయండి.

ఇంజిన్ లోపలే ఉండే పెట్రోల్ పడవల్లో గాలి లోపలికొచ్చే చోట కారు ఫిల్టర్ బదులు ఫ్లేమ్ అరెస్టర్ అనే లోహపు జాలీ ఉంటుంది. ఇంజిన్ ఎప్పుడైనా వెనక్కి తన్నితే ఆ మంట పడవ అడుగున పోగైన పెట్రోల్ ఆవిరికి అంటకుండా అది ఆపుతుంది. ఆయిల్ ఆవిరి పట్టి జాలీ మూసుకుపోతే కడగండి. అంతేగానీ దాని స్థానంలో కారు ఫిల్టర్ బిగించవద్దు, ఇది ప్రాణాలతో పని. బూస్ట్ అక్కర్లేనప్పుడు గాలిని పక్కకి మళ్లించే బైపాస్ వాల్వ్ రబ్బరు పొర చిరిగిందేమో కూడా ఏడాదికోసారి చూస్తే సరిపోతుంది.

పెట్రోల్ మీద ఒక మాట. పడవ ఇంజిన్ల మాన్యువల్స్ చాలావరకు ఇథనాల్ 10 శాతం దాటకూడదంటాయి. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది ఈ20, అంటే 20 శాతం. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని పడవ ట్యాంకులో ఆ నీళ్లు అడుగుకి దిగుతాయి, పెట్రోల్ సరిగ్గా అందని ఇంజిన్‌కి పైనుంచి గాలి మాత్రం దట్టంగా అందుతూనే ఉంటుంది. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌కి అంతకంటే ప్రమాదం లేదు. నిలబెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

ఇన్ని చెప్పాక, కొత్తగా కొనేవాళ్లు అసలు ఇది కావాలా అని అడుగుతారు. మెర్క్యురీ కంపెనీ 2004లో వెరాడో అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట బిగించే ఇంజిన్) తెచ్చినప్పుడు 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి సూపర్‌చార్జర్ పెట్టింది. 2018లో 4.6 లీటర్ల వీ8 తెచ్చినప్పుడు దాన్ని తీసేసి, ఇంజిన్నే పెద్దది చేసింది. మరుసటి ఏడాది రేసింగ్ విభాగం 450 హార్స్ పవర్ కోసం అదే వీ8కి మళ్లీ సూపర్‌చార్జర్ బిగించింది. అవసరం ఎంతో అంతే అన్నమాట. అద్దెకి తిప్పే జెట్ స్కీకి నేనైతే సూపర్‌చార్జర్ వద్దంటాను. రోజుకి నాలుగు గంటలు తిప్పితే 25 రోజుల్లో 100 గంటలు అయిపోతాయి, సీజన్ మధ్యలో ఎవరూ బండిని ఆపి విప్పరు. ఆదివారాలు సరదాగా నడిపే ఆయనకి అదే 100 గంటలు రావడానికి మూడేళ్లు పట్టొచ్చు, ఆయనకి గంటల కంటే రెండేళ్ల గడువే ముందొస్తుంది. కదలకుండా కూర్చున్న బేరింగ్‌లో ఆయిల్ కిందికి దిగిపోయి, తేమకి చుక్క చుక్కగా తుప్పు పడుతుంది.

విశాఖ జెట్ స్కీకి కొత్త స్టీలు వాషర్లు, బేరింగులు, సీళ్లు వేశాం. ఆయిల్ పోసి, కాసేపు తిప్పి, దించేసి, మళ్లీ కొత్తది పోశాం. రెండోసారి దించిన ఆయిల్‌ని కూడా కుర్రాడు చెప్పకుండానే గుడ్డలో వడకట్టి, అడుగుని వేళ్ల మధ్య రాసి చూసి, నా వైపు తిరిగి తల ఊపాడు. సీటు కింద మూత మీద మార్కర్‌తో రాశాం: 141 గంటలకు విప్పాం, మళ్లీ 241కి, లేదా రెండేళ్లకి.